నిరీక్షణధర్మము

ఆదివారము సాయంకాలమున నలువదిమంది కూడుచుండిన ప్రార్థనామందిరమునకు నలుగురు మాత్రమే వచ్చునట్టి దినములు ప్రతి సమాజమునకును ఎప్పుడో యొకప్పుడు వచ్చుచునే యుండును. చాపలు పరచియే యుండును; దీపము వెలుగుచునే యుండును. ఆచార్యుడు గడియారమువంక నొకసారియు, వాకిలివంక నొకసారియు చూచి, మఱి నాలుగు నిమిషములు తాళి, తుదకు ఉన్నవారితోనే ఉపాసన నారంభించును. ఉపాసన ముగించి యింటికి మరలునపుడు అతని మనస్సున నొక ప్రశ్న మెదలును: "ఇన్నియేండ్లు చెప్పితిమి, వినినవారెవ్వరు? నాటిన విత్తు మొలవదేల? ఈశ్వరుడు మన మొఱ వినుచున్నాడా?"

సంస్కారకార్యమున చేయిపెట్టిన గృహస్థులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కొమార్తెకు యుక్తవయస్సు వచ్చువఱకు వివాహము చేయనని నిలిచి, బంధువుల రాకపోకలకు దూరమైన తండ్రియు, ఊరిలో బాలికాపాఠశాల పెట్టి యేండ్లు గడచినను పట్టుమని పదిమంది పిల్లలను కూర్పలేకపోయిన ఉపాధ్యాయుడును దీని నెఱిగినవారే. వారి నోదార్పవచ్చిన పెద్దలు సాధారణముగా నొకమాట చెప్పుదురు: "దేనికైనను కాలము కలిసిరావలెను; ఈశ్వరుని చిత్తమెట్లున్నదో!" ఈ మాటయందు గొప్ప సత్యమును కలదు, గొప్ప అపాయమును కలదు. వీనిని వేఱుచేసి చూపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. రెండు విధములైన వాయిదాలు

న్యాయస్థానములలో మేము దినదినమును చూచునది వాయిదా. అందు రెండు విధములు కలవు. న్యాయవాది కాగితములన్నియు చదివి, సాక్షులను పిలిపించి, సిద్ధుడై నిలిచియుండగా, న్యాయాధిపతి తనకు తెలిసిన కారణములచేత వేఱొక దినమును నిర్ణయించుట యొకటి. న్యాయవాదియే కాగితముల కట్ట విప్పకవచ్చి, లేచి నిలిచి, వినయముగా మఱియొక దినమును వేడుకొనుట రెండవది. బయట చెట్టుక్రింద కూర్చున్న కక్షిదారునకు రెండును ఒకటిగానే తోచును. వ్యాజ్యము వాయిదా పడినదని మాత్రమే యతడెఱుగును. కాని యే వాయిదా యెవరివలన వచ్చినదో ఆ న్యాయవాది మనస్సాక్షికి చక్కగా తెలియును.

ఈశ్వరకార్యములందును ఇట్లే జరుగుచున్నది. మనము చేయవలసినదంతయు చేసి, ఫలమును మాత్రము ఆయన నిర్ణయమునకు విడిచి యుండుట నిరీక్షణము. మనము చేయవలసినది చేయక, ఆ జాగును ఆయన పేర వ్రాసివేయుట వంచన. మొదటిది భక్తి, రెండవది భక్తివేషము ధరించిన వెఱపు. ఈ భేదమును వట్టిమాటలతో గాక చరిత్రముతో తెలిసికొనుట మేలు. బ్రహ్మసమాజము యొక్క తొలిదినములలోనే యందులకు తగిన యుదాహరణము లభించుచున్నది.

2. స్థాపకుడు లేని మందిరము

1828 వ సంవత్సరము ఆగస్టు 20 వ తేదీని కలకత్తానగరమున నొక అద్దెయింటిలో రాజా రామమోహనరాయలు ఏకేశ్వరోపాసనకొఱకు సభ నేర్పఱచెను. తొలినాటి ఉపన్యాసమును చేసినవాడు రామచంద్ర విద్యావాగీశుడను పండితుడు. ఆ సభలో వేదపఠనము చేయుచుండినవారు ఇద్దఱు తెలుగు బ్రాహ్మణులని చరిత్రకారులు వ్రాసియున్నారు. తరువాత సొంతమందిరము లేచెను. 1830 వ సంవత్సరము జనవరి 8 వ తేదీని ధర్మకర్తలపేర దస్తావేజు వ్రాయబడెను. ఆ నెల 23 వ తేదీని మందిరము తెఱవబడెను. కులమత భేదము లేక సర్వజనులును అచట జగత్కర్త నారాధింపవచ్చుననియు, విగ్రహమును లోనికి తేగూడదనియు, ఇతరులు పూజించు దేనినిగాని అచట నిందింపగూడదనియు ఆ దస్తావేజునందు కలదు.

మందిరము తెఱచిన యేడాదియైనను నిండకమునుపే, 1830 నవంబరులో, రామమోహనరాయలు ఇంగ్లండునకు ఓడ యెక్కెను. సహగమనమును నిషేధించుచు 1829 డిసెంబరు 4 వ తేదీని వెలువడిన శాసనమును రద్దుచేయింపవలెనని పూర్వాచారపరులు ఇంగ్లండులో విన్నపము పెట్టుకొనగా, దానికి ప్రతిగా పనిచేయుట యాతని ప్రయాణకారణములలో నొకటి. 1832 లో ఆ విన్నపము త్రోసివేయబడెను. ఆతడు మాత్రము స్వదేశమునకు తిరిగిరాలేదు. 1833 సెప్టెంబరు 27 వ తేదీని బ్రిస్టలు నగరమున కన్నుమూసెను.

ఇక కలకత్తాలోని మందిరమున మిగిలినదేమి? ఆతని జీవితకాలమున ఆతనిని చూచి వచ్చుచుండిన సంపన్నులనేకులు రాకడ మానిరి. ద్వారకానాథ ఠాకూరు గారు ధనసహాయము మానకుండుటచేత మందిరపు తలుపులు మూతబడలేదు. ధనముండినను మాటలాడువాడు లేనిది ఉపాసన జరుగదు గదా. ఆ పనిని విడువక పట్టుకొనియుండినవాడు విద్యావాగీశుడు. జనము పలుచబడినను ఆతడు వచ్చుచునే యుండెను. ఉపనిషద్వాక్యములకు అర్థము చెప్పుచునే యుండెను. రామమోహనరాయలు మరణించిన దినము మొదలు సమాజము మరల తలయెత్తిన దినమువఱకు పదియేండ్లు గడచినవి. పదియేండ్లనగా అయిదువందల వారములకు పైమాట. చదువరులు ఈ యంకెను తేలికగా దాటిపోవలదు. ఒకటి రెండు వారములు ఖాళీచాపలను చూచినంతనే మన గుండె క్రుంగును గదా!

3. గాలికి ఎగిరివచ్చిన కాగితము

విద్యావాగీశుడు మందిరపు వాకిలివంక చూచుచున్న ఆ దినములలో, ఆతడు చూడని చోట నొక యువకుని మనస్సు కలతపడుచుండెను. అతడు ద్వారకానాథుని జ్యేష్ఠపుత్రుడు, 1817 లో పుట్టిన దేవేంద్రనాథుడు. బాల్యమున రామమోహనరాయల పాఠశాలలో చదివినవాడే. కాని భాగ్యవంతుల యింట భోగములమధ్య పెరిగి ఆ సంగతి మఱచియుండెను. తన్ను పెంచిన నాయనమ్మ అవసానకాలమున గంగాతీరమున ఆమెచెంత గడపిన రాత్రి, ఐశ్వర్యముమీద నాతనికి విరక్తి పుట్టెను. ఆ రాత్రి కలిగిన యానందము మరల దొరకక, గ్రంథములు వెదకుచు చీకటిలో నుండినవానివలె తిరుగుచుండెను.

అట్టి సమయమున నొకనాడు సంస్కృతము అచ్చుపడిన చినిగిన కాగిత మొకటి ఆతని యెదుటినుండి ఎగిరిపోవుచుండెను. దాని నందుకొని చూచెను, అర్థము తెలియలేదు. ఇంటనుండిన పండితుని అడిగెను; అతడును చెప్పలేక, ఇది బ్రహ్మసభవారి విషయమువలె నున్నదనెను. అంతట విద్యావాగీశునికి కబురు పోయెను. అతడు వచ్చి చూడగానే అది ఈశోపనిషత్తులోనిదని గుర్తించి, ఈ జగమంతయు ఈశ్వరునిచేత నిండియున్నదనియు, ఆయన యిచ్చినదానినే అనుభవింపవలయుననియు, పరధనమును కోరగూడదనియు దాని తాత్పర్యమును వివరించెను. దేవేంద్రనాథుడు వెదకుచుండినది అదియే. ఈ యుపనిషత్తును 1816 లోనే అచ్చు వేయించి లోకమునకిచ్చినవాడు రామమోహనరాయలు.

తరువాతి కథ ప్రసిద్ధము. 1839 అక్టోబరు 6 వ తేదీని దేవేంద్రనాథుడు తన యింట నొక చిన్నసభను స్థాపించెను. దానికి తత్త్వబోధినీ సభయని పేరు పెట్టినవాడు విద్యావాగీశుడే. 1842 లో ఆ సభ బ్రహ్మసమాజపు భారమును వహించెను. 1843 ఆగస్టులో అక్షయకుమార దత్తుగారి సంపాదకత్వమున తత్త్వబోధినీ పత్రిక వెలువడెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21 వ తేదీని దేవేంద్రనాథుడు మిత్రసమేతుడై విద్యావాగీశుని యెదుట బ్రాహ్మధర్మదీక్ష గైకొనెను. రామమోహనరాయల కోరిక ఇన్నాళ్ళకు నెరవేరెనని ఆ వృద్ధపండితుడు కంట నీరు పెట్టుకొనెనట. ఏడాదిన్నరలోపల, 1845 లో, ఆతడు పరలోకగతుడయ్యెను.

4. ఇందలి పాఠములు

మొదటిది. ఫలము మనము చూచుచున్న చోటనే రావలెనను నియమము లేదు. విద్యావాగీశుడు మందిరమున జనమును కోరెను. ఆతని ప్రార్థనకు ప్రత్యుత్తరము మందిరమున గాక, గంగయొడ్డున నొక యువకుని దుఃఖమునందు సిద్ధమగుచుండెను. ఆ సంగతి ఆతనికి తెలియదు. తెలియవలసిన యవసరమును లేదు.

రెండవది. ఆతని వలన ఈశ్వరుడు కోరినది అద్భుతకార్యము కాదు. పిలిచిననాడు దొరకునట్లు ఉండుట, అడిగిననాడు అర్థము చెప్పగలుగుట, ఇంతమాత్రమే. అయిదవ యేటనో ఆఱవ యేటనో విసిగి ఆతడు మందిరమును విడిచిపెట్టి యుండినయెడల, ఆ కాగితము ఎగిరివచ్చియే యుండును. దానిని చదివి చెప్పువాడు మాత్రము లేకపోయియుండును. మన నిరుత్సాహము ఈశ్వరుని యుద్దేశమును చెఱుపజాలకపోవచ్చును. కాని ఆ యుద్దేశమునందు మనకు నియమింపబడిన స్థానమును మనకు లేకుండ చేయగలదు.

మూడవది. నిరీక్షించువాడు నిర్దోషియని తలపగూడదు. ఆ పదియేండ్లలో మందిరమున నొక లోపము సాగుచుండెను. సర్వజనులకును ద్వారము తెఱచిన దస్తావేజుండగా, వేదపఠనము మాత్రము ప్రక్కగదిలో, బ్రాహ్మణేతరులు వినకుండ జరుగుచుండెను. అచట పఠించినవారు మన తెలుగువారగుట మనకు గర్వకారణమెంతయో సిగ్గుపడవలసినదియు నంతయే. దేవేంద్రనాథుడు వచ్చి చూచి ఆశ్చర్యపడి దానిని దిద్దుకొనవలసివచ్చెను. దీపమును ఆఱిపోకుండ కాపాడినంతమాత్రమున మసియంతయు పుణ్యమైపోదు. నిరీక్షణకాలము తనను తాను పరీక్షించుకొను కాలము కూడ కావలెను.

5. ఒక యాక్షేపణము

ఇచట నొక యాక్షేపణము బయలుదేఱును. "ఓర్పు వహింపుడు, కాలము వచ్చునని మీరు బోధించుచున్నారు. దేశమునందలి ప్రతి దురాచారపరుడును చెప్పుమాట యిదియే గదా!" అని బుద్ధిమంతులడుగవచ్చును. ఈ యాక్షేపణము తేలికైనది కాదు. దీనికి ప్రత్యుత్తరము చెప్పజాలని నిరీక్షణబోధను మేము బోధగా నంగీకరింపము.

హిందూ వితంతువుల పునర్వివాహమును న్యాయసమ్మతము చేయు చట్టము 1856 జూలైలో పుట్టెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పరిశ్రమచేత ఆ డిసెంబరులోనే కలకత్తాలో నొక వితంతు వివాహము జరిగెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11 వ తేదీని. నడుమ గడచినవి ఇరువదియైదేండ్లు. చట్టము పుట్టిననాడు పదియేండ్ల వితంతువుగా నుండిన బాలికకు ఆ పెండ్లినాటికి ముప్పదియైదేండ్లు. ఆమె బాల్యమును, యౌవనమును పొయ్యిప్రక్కను పెరటిగదిలోను ముగిసినవి. ఆమెతో "కాలము రావలెనమ్మా" అని చెప్పినవారెవ్వరు? తండ్రులు చెప్పిరి, పురోహితులు చెప్పిరి. చట్టమును అందఱికంటె ముందుగా చదివిన మా న్యాయవాదులును చెప్పిరి. ఇది ఈశ్వరుడు నిర్ణయించిన వాయిదా కాదు. ఆయన ద్వారము తెఱచియుంచగా మనుష్యులు గడపదాటక నిలిచినారు.

పంతులుగారు మాత్రము లోకమంతయు మారినపిమ్మట పెండ్లి చేయుదమని కూర్చుండలేదు. 1879 లో ఉపన్యాసములు మొదలిడిరి. రెండేండ్లకు పెండ్లి చేసిరి. వంటవారును నీళ్ళు తెచ్చువారును కట్టుబాటునకు భయపడి మానివేయగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్ళు మోసి తెచ్చిరి. ఊరి మనస్సు మారుటకు వారు వేచియుండక తప్పలేదు. ఆ బాలికకు న్యాయము చేయుటకు మాత్రము వారు వేచియుండలేదు. రామమోహనరాయలును ఇట్లే చేసెను. సహగమనమునకు ప్రతికూలముగా 1818 లో తొలి గ్రంథమును ప్రకటించెను. శాసనము వచ్చుటకు పదునొకండేండ్లు పట్టినది. ఆ నడుమ చేతులు ముడుచుకొని కూర్చుండక, శ్మశానములకు స్వయముగా పోయి, చితి నెక్కబోవు స్త్రీలను మరలింప ప్రయత్నించెను.

కాబట్టి మేము చెప్పు నియమమిది. మనకు రావలసిన ఫలమునకై, అనగా కీర్తికై, జయమునకై, జనసమ్మతికై, ఎంతకాలమైనను వేచియుండవలెను. మనము ఇతరులకు చేయవలసిన న్యాయమును ఒక దినమైనను వాయిదా వేయగూడదు. ఓర్పును మనము మనకు మాత్రమే బోధించుకొనుటకు అధికారులము. బాధపడువారికి, వారి బాధను తొలగింపగలిగియు తొలగింపక, ఓర్పును బోధించుటకు మనకు అధికారము లేదు.

6. ధర్మకర్త చూడని ఫలము

మఱియొక సంగతిని దాచిపెట్టక చెప్పవలసియున్నది. ప్రతి నిరీక్షణమునకును చివర నొక 1843 కలదని మేము వాగ్దానము చేయజాలము. విద్యావాగీశుడు చూచెను, రామమోహనరాయలు చూడలేదు. ఆతని శరీరమును బ్రిస్టలులో వేఱొక శ్మశానవాటికకు మార్చి, దానిపై ద్వారకానాథుడు సమాధిమంటపము కట్టించినది 1843 వ సంవత్సరమందే. కలకత్తాలో ఆతని యాశయము తిరిగి ప్రాణము పోసికొనిన యేటనే, వేల మైళ్ళ దూరమున ఆతని యస్థులకు నిలుకడ దొరకినది. ఈ రెంటిలో నొకటియైనను ఆతడు ఎఱుగడు. ఇక చరిత్రమున పేరైనను లేక, తాళము పడిన పాఠశాలలను, మూతబడిన మందిరములను చూచుచునే కన్నుమూసిన సజ్జనులెందఱో!

అట్లయిన విశ్వాసమనగా నేమి? మన జీవితకాలమున ఫలమును చూపుమని ఈశ్వరునితో చేసికొను ఒడంబడిక కాదు. ధర్మకర్తకు చట్టము విధించు ధర్మమును చూడుడు. ఆస్తి ఆతని చేతిలో నుండును. ఫలము ఆతనిది కాదు. లబ్ధిదారుడు ఇంకను పుట్టకయే యుండవచ్చును. అయినను ధర్మకర్త ప్రహరీ కూలకుండ చూడవలెను, లెక్క వ్రాయవలెను, పన్ను కట్టవలెను. "అనుభవించువాడు కనబడలేదు గనుక తోటకు నీరు పెట్టలేదు" అని ఆతడు చెప్పిన సమాధానమును ఏ న్యాయస్థానమును అంగీకరింపదు. సత్యము మనచేతిలో నుంచబడిన ఆస్తి. దాని ఫలము రాబోవు బిడ్డలది.

మఱియొక భేదమును కూడ గుర్తింపవలెను. మన న్యాయస్థానములలో గడువు దాటిన పత్రమునకు కాలదోషము పట్టును. ఎంత నిజమైన ఋణమైనను వసూలు కాదు. ఈశ్వరుని న్యాయస్థానమున సత్యమునకు కాలదోషము లేదు. ఇందుచేతనే ఫలము ఆలస్యమైనదని సత్యవాదము నుపసంహరించుకొనుట అవివేకము.

7. నిరుత్సాహకాలమున ఆచరింపవలసినవి

ఈ పాఠమును చదివి మూసివేయక, ఆచరణమున పెట్టగోరువారికొఱకు నాలుగు నియమములను క్రింద చెప్పుచున్నాము.

ఒకటి: ఉపాసనకు కాలమును తప్పింపకుడు. నలుగురున్నను, ఇద్దఱున్నను, ఒంటరిగా నున్నను, నిర్ణయించిన గడియకే ప్రారంభింపుడు. జనమునుబట్టి కాలమును సడలించినచో, మన ప్రార్థన జనమునకై చేసినదగును.

రెండు: వారమున కొకసారి లెక్క చూచుకొనుడు. ఎందఱు వచ్చిరనుట కాదు; చేయవలసినదానిలో చేసినదెంత, వాయిదా వేసినదెంత, ఆ వాయిదా ఎవరివలన వచ్చినది, అను లెక్క.

మూడు: చదువు మానకుడు. అడుగువాడు ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చిననాడు మనయొద్ద ప్రత్యుత్తర ముండవలెను. ఒక్కడు వచ్చి కాగితము చూపినప్పుడు, వేయిమందికి చెప్పునంత శ్రద్ధతో ఆ యొక్కనికే చెప్పుడు.

నాలుగు: మన ద్వారమున నెవరినైన ప్రక్కగదిలో నుంచుచున్నామేమో చూచుకొనుడు. కులముచేత గాని, ధనముచేత గాని, స్త్రీయగుటచేత గాని మనము లోనికి రానీయనివారుండగా, "ఈశ్వరుడు జనమును పంపలేదు" అని మొఱపెట్టుట తగదు.

8. ప్రార్థన

సర్వాంతర్యామివగు ఓ పరమేశ్వరా! కాలము నీది, మేము దానిని కొలుచువారమే కాని కలుగజేయువారము కాము. ఖాళీచాపలను చూచి మా మనస్సులు క్రుంగినప్పుడు, మేము చూడని చోట నీవు చేయుచున్న పనిని నమ్ము శక్తి నిమ్ము. మా సోమరితనమునకు నీ పేరు పెట్టకుండ మమ్ము కాపాడుము. అన్యాయమునకు లోనైనవారిని మా ఓర్పునకు బలిపెట్టకుండ మమ్ము హెచ్చరింపుము. నీవు పిలిచిననాడు మేము మా చోటనే యుండి, దీపము వెలిగించి, అడిగినవానికి అర్థము చెప్పగలుగుదుము గాక. ఫలమును చూచు భాగ్యమిచ్చిన సంతోషింతుము. ఈయకున్నను నీ పనిలోనే కన్నుమూయుదుము గాక.